నలభై ఏడో నంబరు రెక్కలు

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారనే ధైర్యంతో కలం పట్టాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. దగ్గు తగ్గింది. హాస్టలు గది కిటికీకి అద్దం వేశారు కానీ గడియ పడటం లేదు, అట్టముక్క మడిచి దోపాను. వేళకే తింటున్నాను. "చదువుకోమని పంపితే విమానాల చెత్త ఏరుకుంటోందా" అని నాన్న అడిగారని రాశావు. చెత్త కాదని చెప్పు. మూతపడిన విమాన కంపెనీల చెంచాలు, బోర్డింగు పాసులు, సామానుకు కట్టే చీటీలు, సీటు ముందు జేబులో ఉండే జాగ్రత్తల అట్టలు. "ముందు మీ మాస్కు పెట్టుకోండి, తరువాత పిల్లలకు పెట్టండి." ఆ అట్టల మీది వాక్యాల్లో ఒక్క మాట తీయలేం, ఒక్క మాట చేర్చలేం. అలా రాయడం నాకెప్పటికి వస్తుందో.

అమ్మా, నీకొక సంగతి చెప్పాలి. మొదటే చెబితే మిగతా ఉత్తరం చదవవు. అందుకని వరసగా వస్తాను.

నెలకో ఆదివారం లైబ్రరీ పై అంతస్తులో మాలాంటి వాళ్ళం పదిమందిమి చేరి వస్తువులు మార్చుకుంటాం. ఇద్దరూ "దిగింది" అంటే మార్పిడి అయిపోయినట్టే. ఇక వెనక్కి అడగకూడదు. మాలో అందరికంటే పెద్దాయన స్టోరు తాతగారు. ఒక విమాన కంపెనీలో యూనిఫారాల స్టోరు గుమాస్తాగా చేశారు. అది మూతపడిన రోజు చిత్తు కాగితాల్లోకి పోతున్న స్టోరు రిజిస్టరును ఇంటికి తెచ్చుకున్నారు. ఏమిస్తామన్నా దాన్ని మాత్రం మార్చరు.

మొన్న ఆయన దగ్గర పిడి మీద కొంగ బొమ్మ ఉన్న చెంచా చూశాను. బదులుగా నా దగ్గరున్న రెక్కల బిళ్ళ ఇచ్చాను. కోటుకు గుచ్చుకునేది, వేలెడంత ఉంటుంది.

"దిగింది" అన్నారాయన.

"దిగింది" అన్నాను, అప్పటికే చెంచా జేబులో వేసుకుని.

ఆయన బిళ్ళను వెనక్కి తిప్పి, అక్కడ చెక్కి ఉన్న నంబరు చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇదెక్కడిది పిల్లా?"

"ఇంట్లో దొరికింది తాతగారూ."

"నలభై ఏడు మీ ఇంట్లో ఎందుకు దొరుకుతుంది?" అంటూ సంచిలోంచి ఆ రిజిస్టరు తీసి నా ముందు పెట్టారు.

విస్తుపోవడం అనే మాటంటే నాకిష్టం. వ్యాసాల్లో రెండుసార్లు వాడాను. దాని అర్థం మొన్నటిదాకా నాకు తెలియదమ్మా. నలభై ఏడో నంబరు బిళ్ళ తీసుకున్నవారి సంతకం చోట, నా ప్రోగ్రెసు కార్డుల మీద పదేళ్ళు చూసిన సంతకం ఉంది. చివరి అక్షరం తోక కిందికి లాగి మళ్ళీ పైకి విదిలించే గీత. పక్కన ఉద్యోగం: ఎయిర్ హోస్టెస్.

స్టూలెక్కితే కళ్ళు తిరుగుతాయని పరదాలు నా చేత తగిలించే మనిషివి.

"ఇది మా అమ్మ సంతకం" అని తాతగారికి చెప్పాను. ఎవరో మంచినీళ్ళిచ్చారు. కుదుపుల బస్సులో నిలబడి చుక్క ఒలకకుండా నాన్నకు టీ పోస్తావే, అది గుర్తొచ్చింది. ఏ హాల్లోకి వెళ్ళినా ముందు తలుపులెక్కడున్నాయో చూసి రెండు వేళ్ళతో నాకు చూపిస్తావు. అవి నీ చాదస్తాలనుకున్నాను. నాన్నకు తెలుసా అమ్మా?

"యూనిఫారం తిరిగిచ్చిన రోజు నాకు బాగా గుర్తు" అన్నారు తాతగారు. "మీ అమ్మ బల్ల మీద టోపీ పెట్టింది, స్కార్ఫు పెట్టింది. బిళ్ళ దగ్గరికొచ్చేసరికి 'పోయిందని రాసుకోండి' అంది. పిడికిలి మాత్రం మూసే ఉంది. నేను చూడనట్టే రాసుకున్నాను."

తిరిగిచ్చిన చోట "పోయింది" అనే ఉంది. ఉద్యోగం మానడానికి కారణం అన్న గడిలో ఒక్క మాట: గర్భవతి. అలాంటివాళ్ళను ఉంచుకోకూడదని ఆ కంపెనీ నియమమట. తేదీ చూసి వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. నేను పుట్టడానికి సరిగ్గా ఐదు నెలల ముందు.

ఇప్పుడు నేను దాచిన సంగతి. ఆ బిళ్ళ నీ గుండీల డబ్బాలోది. సెలవులకొచ్చినప్పుడు నేనే తీశాను. కుట్టుపనికి వచ్చిన పాత కోటు నుంచి ఊడిందేమో అనుకుని, నిన్ను అడగలేదు. నువ్వు ఇన్నేళ్ళూ గుండీల అడుగున దాచుకున్నదాన్ని నేను ఒక చెంచాకు ఇచ్చేశాను.

వెంటనే వెనక్కి అడిగాను. చెంచా ఇచ్చేస్తానన్నాను, నా అట్టలన్నీ ఇస్తానన్నాను.

"దిగిందన్నావుగా" అన్నారాయన. నా మొహం చూసి కాస్త తగ్గారు. "నీకివ్వను తల్లీ. ఈ పుస్తకం మొత్తం మీద నేను రాసిన అబద్ధం అదొక్కటే. దాన్ని కొట్టేసి 'దొరికింది' అని రాస్తాను. బిళ్ళ ఎవరి పేరున ఉందో ఆవిడే వచ్చి సంతకం పెట్టి తీసుకోవాలి. స్టోరు పద్ధతి."

వచ్చే నెల మొదటి ఆదివారం, పది గంటలకు. నన్ను తిట్టాలనుకుంటే ఆ లైబ్రరీ మెట్ల మీదే తిట్టు, పడతాను. నా వల్ల ఉద్యోగం పోయిందని నాకు తెలియకూడదనేనా ఇన్నాళ్ళూ దాచావు? దానికి జవాబు ఉత్తరంలో రాయకు. వచ్చి చెప్పు.

బస్సులోనైనా రా, విమానంలోనైనా రా. నీకు కళ్ళు తిరగవని ఇప్పుడు నాకు తెలుసు.

ఇట్లు,
నాలుగు నెలలు టికెట్టు లేకుండా నీతో ఎగిరిన
నీ కూతురు