ముప్పై ఒకటో ఫారం

జూన్ 3

ఫ్యాక్టరీలో కౌన్సెలింగ్ గది పెట్టి ఏడాదిన్నర. పనికొస్తోందో లేదో తేల్చమని జి.ఎం. నాకు అప్పగించారు. షాఫ్టులు కొలిచే చేతికి మనుషులొక లెక్కా అన్నారు. రిపోర్టు బాగాలేకపోతే గది స్టోర్‌కి పోతుంది.

జూన్ 5

యాభై రెండు జతల ఫారాలు. పేర్లుండవు, కోడ్ నంబర్లే. మొదటి రోజు ఒకటి నింపుతారు, ఆరో వారం ఒకటి. పది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు. బాధ ఎక్కువైతే మార్కులు ఎక్కువ.

మొదటి రోజు సగటు 9. ఆరో వారం 22.

మూడుసార్లు కూడి చూశాను.

జూన్ 6

జి.ఎం. నవ్వారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నారు. వచ్చే శుక్రవారానికి రాసిచ్చేయమన్నారు.

జూన్ 7, మధ్యాహ్నం

కౌన్సెలర్‌ని అడిగాను. చిన్నమ్మాయి. తలనెరిసిన ఫిట్టర్లు కూడా అక్కా అంటారు. మొదటి రోజు అందరూ బాగానే ఉంటారండీ అంది. బాగాలేమని రాయడానికే ఆరు వారాలు పడుతుందట.

నమ్మలేదు. నేను ఆరా తీస్తున్నానని విని, తన సంగతి చెబుతానని ఒక క్రేన్ ఆపరేటర్ వచ్చాడు. మొదటి రోజు అన్నీ సున్నాలే పెట్టాడట. నిజానికి పైకెక్కితే రెండేళ్లుగా చేతులు వణుకుతున్నాయి. ఇంట్లో చెబితే మా ఆవిడ ఏడుస్తుంది, ఫోర్‌మన్‌కి చెబితే నవ్వుతాడు, అక్క అయితే ఏమీ అనదు సార్, దానికే ఎక్కువ భయమేసింది అన్నాడు. ఆరో వారం ముప్పై పెట్టాడు. మర్నాడే ఫోర్‌మన్‌కి చెప్పి క్రేన్ దిగాడు.

రెండేళ్లూ ఆ క్రేన్ కిందనుంచే నడిచాను.

హాజరు పట్టీలు తీసిస్తే, కౌన్సెలర్ పేర్లు లేకుండా కోడ్‌ల వారీగా సెలవులు రాసిచ్చింది. మార్కులు పెరిగినవాళ్లకే సెలవులు సగానికి తగ్గాయి. ఇరవై ఆరేళ్లుగా కొలుస్తున్నాను. పెరిగిన అంకె చూసి చేతులు జోడించాలనిపించడం ఇదే మొదటిసారి.

జూన్ 10

జత లేని ఫారం ఒకటి మిగిలింది. కోడ్ 31. అన్నీ సున్నాలు. మళ్లీ రాలేదు. ఫ్యాక్టరీ మొత్తంలో ఇంత ఆరోగ్యవంతుడు లేడు.

ప్రతి టిక్కు పక్కనా చిన్న చుక్క. పాసైన షాఫ్టుకి రిజిస్టర్లో అలా చుక్క పెట్టేది నేనొక్కణ్ణే.

నా భార్య పోయిన మూడో వారం. మా సెక్షన్ మేనేజర్ బలవంతం మీద ఆ గదికి వెళ్లాను. నిమిషంలో నింపాను. నిద్ర పడుతోందా? బాగా. పద్నాలుగు నెలలుగా హాల్లో కుర్చీలోనే తెల్లవారుతోంది.

నన్ను నేనే పాస్ చేసి పంపేశాను.

జూన్ 11

ఖాళీ ఫారం అడిగి తీసుకున్నాను. గంటన్నర పట్టింది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. క్రేన్ ఆపరేటర్ చెప్పింది నిజం.

జూన్ 14

రిపోర్టు ఇచ్చాను. చివరి వరస: కోడ్ 31. మొదట 0, ఇప్పుడు 37.

ఈయనెవరని జి.ఎం. అడిగారు. నేనేనన్నాను. ఆయన ఫైలు మూయలేదు.

గది సంగతి ఇంకా తేలలేదు. మంగళవారం నాలుగింటికి నా వంతు.