శనివారం రైలు, చిలకపచ్చ శాలువా

అరికా, మంగళవారం

కొమాద్రే ఒబ్దులియా,

కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఫోనులో నీ గొంతు వింటే ఏడుపొస్తుంది, అందుకే ఈ కాగితం. టాక్సీ నడిపే తోబియాస్ తెచ్చిస్తాడు.

నా కొడుకు యెర్కో పోయి శనివారానికి ఏడాది. జ్ఞానస్నానమప్పుడు వాణ్ణెత్తుకున్న జ్ఞానతల్లివి, అందుకే నాకు కొమాద్రేవి నువ్వు. ఆచారం ప్రకారం ఆరోజు పొద్దు గుంకేలోపు, వాడి కోసం కప్పుకున్న నా నల్ల శాలువా నీ చేత్తోనే తీయాలి కదా. చిన్న రైలెక్కి సరిహద్దు దాటి తాక్నా వస్తా, ఆదివారం తిరిగెళ్తా. టాక్సీ కంటే రైలే చవక. పడక నీ ఇంట్లో, తిండి నా సంచిలో. సోమవారం ఆలివ్ ఫ్యాక్టరీలో పనుంది.

ఇంట్లో కూర్చోలేను, పడుకోలేను. ఏడాదిగా ముద్ద దిగడం లేదు.

నీ ఎదెల్మిరా

తా.క. సంచి సర్దేశా. మళ్ళీ విప్పేశా.


తాక్నా, బుధవారం

నా బంగారు ఎదెల్మిరా,

ముద్ద దిగడం లేదంటే పళ్ళేనే! ఇన్నాళ్ళూ చెప్పవేం? మీ అరికా వాళ్ళంతా శనివారాలు మా ఊరొచ్చి చవక పళ్ళ డాక్టర్ల ముందు నోరు తెరిచేది అందుకేగా. మూడింటికి పళ్ళ డాక్టరుకి చెప్పేశా. నల్లది తీశాక నీకు కప్పడానికి చిలకపచ్చ శాలువా కొన్నా. మా వీధిలో ఇరవైమందిని భోజనానికి పిలిచా. నీ మొహం ఎరగకపోయినా నిన్ను ఓదార్చాలని తయారుగా ఉన్నారు.

ముద్దులతో, ఒబ్దులియా

తా.క. పై పళ్ళా, కింద పళ్ళా?


అరికా, గురువారం

కొమాద్రే,

నా పళ్ళు రాళ్ళు నములుతాయి. పళ్ళ మాటెత్తకు.

నిన్న టికెట్ కొన్నా. ఇంటికొస్తే వాడి చొక్కా తీగ మీద ఊగుతోంది. వారంవారం ఉతుకుతాలే. వెనక్కెళ్ళి టికెట్ ఇచ్చేశా. ఇవాళ మళ్ళీ కొన్నా, మళ్ళీ ఇచ్చేశా. వచ్చే నెల వస్తే పోదా? ఇరవైమంది ముందు చిలకపచ్చ కప్పుకుని నేనేం చెయ్యను?

ఎదెల్మిరా

తా.క. టికెట్లమ్మే పిల్ల నన్ను చూడగానే కిటికీ మూసేస్తోంది.


తాక్నా, గురువారం సాయంత్రం

ఏమే,

రంగు నచ్చకపోతే చెప్పాలి గానీ రైలు మీద అలక దేనికి? వంకాయరంగుది కూడా కొన్నా, చాలా? ఏడాది ఈ శనివారం, వచ్చే నెల కాదు. రాకపోయావో, నేనే వచ్చి జుట్టు పట్టి లాక్కొస్తా.

ఒబ్దులియా

తా.క. డాక్టరు రెండు వరసలూ చూస్తానన్నాడు.


అరికా, శుక్రవారం

కొమాద్రే,

సరే. రేపు పదింటికి దిగుతా. స్టేషన్‌కి రా.

ఎదెల్మిరా

తా.క. టికెట్ తోబియాస్ చేత కొనిపించా. తిరిగివ్వడానికి వెళ్తే ఆ పిల్ల ఈసారి ససేమిరా అంది.


అరికా, శనివారం, నీ వంటింట్లోంచి

ఎదెల్మిరా! ఎక్కడున్నావే? ఫోనూ ఎత్తవు.

మీ గడియారం మాకంటే రెండు గంటలు ముందు కదా. నువ్వు పదంటే మాకు ఎనిమిదని, ఎనిమిదికే వచ్చి నిలబడ్డా. రైలూ లేదు, నువ్వూ లేవు. మళ్ళీ టికెట్ ఇచ్చేశావనుకుని మండిపోయి టాక్సీ ఎక్కేశా. తీరా మీ పక్కింటావిడ నీ తాళంచెవి నా చేతిలో పెట్టి, రైలుకెళ్ళిందంటోంది!

శాలువాలు రెండూ నా దగ్గరే ఉన్నాయి. తోబియాస్ బండి నిండా పంటినొప్పి వాళ్ళే, ఈ ఉత్తరానికే చోటుంది. నేను ఎప్పటికి రాగలనో. నువ్వు మా ఇంట్లోంచి కదలకు!

ఒబ్దులియా

తా.క. ఇరవైమంది ఒంటిగంటకి వచ్చేస్తారు. కూరకి పేగులు ఉడికించి పెట్టా. దుంపలు తొక్క కూడా తీయలేదు.


తాక్నా, శనివారం, పొద్దు గుంకాక

కొమాద్రే,

నీకు తేలికవుతుందని మీ ఊరి టైమే రాశానే తల్లీ. నువ్వు మళ్ళీ రెండు తీసేశావు. స్టేషన్‌లో గంటసేపు నిలబడి, దారడుక్కుంటూ మీ ఇంటికొచ్చా. తలుపు బార్లా తీసుంది. నీ ఉత్తరం చదివేసరికి పన్నెండు. ఏడవడానికి కూడా టైములేదు. దుంపలు ఒలిచా, మిరపకాయ నూరా. నా నల్ల శాలువా అంచు పొయ్యిలో పడబోతుంటే తీసి మేకుకి తగిలించా. నీ పూల యాప్రాన్ కట్టుకున్నా. వడ్డించా, గిన్నెలు తోమా. తలెత్తి చూస్తే కిటికీలో ఎండ లేదు. శాలువా మేకుకే ఉంది.

నీ చేత్తో తీయాల్సింది, నా చేత్తో తీసేశా. తప్పయిందా? తెలీదు. భయంగా ఉంది, చేతులు మాత్రం తేలిగ్గా ఉన్నాయి.

నువ్వక్కడే పడుకో. వాడి గదిలో మంచం మెత్తగా ఉంటుంది.

నీ ఎదెల్మిరా

తా.క. మీ ఎదురింటావిడ రెండోసారి పెట్టించుకుంటూ, "వంట బావుందమ్మాయ్, ఇంతకీ ఆ కొడుకు పోయినావిడ ఇంకా రాలేదేం?" అంది. "దారిలో ఉంది, మీరు తినండి" అన్నాను.