మొదటి పీరియడ్ బస్సు

ఆగస్టు 12, సోమవారం

బీకామ్ సీటు దొరకలేదని బీఏలో పడ్డాను. అందులోనూ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. ఆండర్సన్‌పేటలో ఎవరైనా ఏం చదువుతున్నావు ఎవాంజలిన్ అంటే చెప్పడానికి సిగ్గుపడేదాన్ని. అదేం చదువు, మునిసిపాలిటీ చదువా అని నవ్వేవాళ్ళు.

ఇప్పుడు సెకండ్ ఇయర్. సిగ్గు పోయింది. పోగొట్టింది సోమశేఖర్ సార్. మనిషి గెస్ట్ లెక్చరర్, ఒక పాత స్కూటరు. ఆఫీసు పనులన్నిటినీ ప్లానింగ్ నుంచి బడ్జెట్ దాకా ఒకే మాటలో ఇరికించిన పోస్డ్‌కార్బ్ పాఠాన్ని కూడా పెళ్ళివంటలతో చెప్పారు. ఎవరు ప్లాన్ వేస్తారు, ఎవరు అరుస్తారు, అన్నం తక్కువైతే ఎవరు మాయమవుతారు అని. ఇక జన్మలో మర్చిపోను.

ఈరోజు మాత్రం ఎవరం నవ్వలేదు. నేత్రావతికి అటెండెన్స్ షార్టేజ్ అని నోటీసు పెట్టారు. ఆమెది బేతమంగళ అవతల ఊరు. అక్కడి నుంచి ఉన్న ఒక్క బస్సు మొదటి పీరియడ్ అయిపోయాక చేరుతుంది. రోజూ తలుపు దగ్గర తల వంచుకుని నిలబడుతుంది. నోట్లో నాలుక లేని పిల్ల. షార్టేజ్ తీరకపోతే పరీక్ష రాయనివ్వరు. పరీక్ష పోతే వాళ్ళ నాన్న చదువు మాన్పించి పట్టుపురుగుల పనిలో పెడతాడట.

ఈ సమస్య ఎవరిదమ్మా అని సార్ అడిగారు. నేత్రాదే అన్నాం అందరం. ఆయన బోర్డు మీద 'ఎవరిది?' అని రాసి వెళ్ళిపోయారు.

ఆగస్టు 13

సమస్య బస్సు డిపోది. తేల్చేశాను. అర్జీ నేనే రాస్తాను.

ఆగస్టు 14, సాయంత్రం

అర్జీ చదివి వినిపిస్తే మా క్లారా అవ్వ పెదవి విరిచింది. మా కాలంలో సైరన్ కూస్తే ఊరంతా లేస్తా ఉండె, నీళ్ళు, కరెంటు, ఆసుపత్రి అన్నీ కంపెనీ చూసుకుంటా ఉండె, ఇంగ ఇప్పుడు యాడ పోయి చెప్పుకునేదమ్మా అంది. బంగారు గని మూతపడింది నేను పుట్టక ముందు. అవ్వ ఇంకా ఆ సైరన్ టైముకే లేస్తుంది. పెందలాడే లేస్తే ప్రపంచంలో ఏ పనైనా అవుతుందని ఆమె నమ్మకం. నా నమ్మకమూ అదే. బస్సును గంట ముందుకు జరపమని రాశాను. క్లాసంతా సంతకాలు పెట్టింది. నేత్రా కూడా పెట్టింది.

ఆగస్టు 27

డిపో మేనేజర్ ఒప్పుకున్నాడు. సోమవారం నుంచి కొత్త టైము. చదువులో ఉన్నది లోకంలో జరగడం నేను చూడటం ఇదే మొదటిసారి. అందరం బేకరీకి వెళ్ళి కొబ్బరి కూరిన దిల్‌పసంద్ తిన్నాం. నేను నడవడం లేదు, తేలుతున్నాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంది అవ్వ. ఈ ముసలిదానికి నా సంతోషం పడదు.

సెప్టెంబరు 2, సోమవారం

కొత్త బస్సు వచ్చింది. నేత్రా రాలేదు.

సెప్టెంబరు 3

ఈరోజూ రాలేదు.

సెప్టెంబరు 4

మధ్యాహ్నం వచ్చింది, ఎవరిదో టమాటా టెంపో ఎక్కి. ఏమైంది అంటే చెప్పదు. గట్టిగా అడిగితే చెప్పింది. మేం అడిగిన టైముకు వాళ్ళ ఊళ్ళో పాల డైరీ తలుపే తీయరు. పాలు పొయ్యకుండా ఇల్లు కదిలేదెట్లా ఎవా, ఆవుకేం తెలుస్తాది బస్సు టైము అంది. ఆమె ఒక్కతే కాదు, ఆ బస్సులో వచ్చే ఆడవాళ్ళందరిదీ అదే కథ. డైరీలో పాలు పోసి, క్యాను ఇంట్లో పడేసి, పాత బస్సు ఎక్కేవాళ్ళు. ఇప్పుడు బస్సు ఖాళీగా వస్తోంది. ఖాళీ బస్సును ఎన్నాళ్ళు తిప్పేది, రాసి పంపిస్తా ఉండాము అన్నాడట కండక్టరు. అంటే ఉన్నది కూడా పోతుంది.

సంతకం పెట్టే ముందు నోరు తెరవచ్చు కదా అని అరిచాను. మీరు అడగలేదు కదా, అందురూ అంత కుశాలగా ఉంటిరి, నేనెట్లా చెప్పేది అంది.

తల కొట్టేసినట్టయింది.

సెప్టెంబరు 5

టీచర్స్ డే. సార్‌కి పెన్ను ఇచ్చాం. ఈ మనిషి తిట్టడు, అదే బాధ. మెల్లగా అడిగారు, ఆ కాగితం మీద బస్సెక్కేవాళ్ళ సంతకాలు ఎన్ని ఉండాయమ్మా అని. ఒక్కటి. ఆ ఒక్కటీ భయపడి పెట్టింది. మీరు మంచే చేసినారు, వాళ్ళను అడక్కుండా చేసినారు, మన సబ్జెక్టులో అందురూ చేసే తప్పే ఇది, పుస్తకంలో కంటే మీకే బాగా తెలిసిపోయింది పొండి అన్నారు. తరువాత నా వైపు తిరిగి, పెన్నొద్దు, పాల డైరీ దగ్గర ఒక పొద్దున నిలబడి రా, అదే నాకిచ్చే గిఫ్టు అన్నారు. ఇలాంటి మనిషి దగ్గర చదువుతున్నందుకు నాకు గర్వంగా ఉంది. రాసుకుంటే తప్పేమీ లేదు.

సెప్టెంబరు 8, ఆదివారం

చర్చి ఎగ్గొట్టానని అవ్వ ముఖం మాడ్చుకుంది. నిన్న రాత్రే నేత్రా ఇంటికి వెళ్ళిపోయాను. వాళ్ళమ్మ చిన్నవెంకటమ్మ చవితి పండగ మిగులు కడుబులు, అంటే కుడుములు, పెట్టి, పట్నం పిల్లవి, చలికి తట్టుకుంటావా అని దుప్పటి కప్పింది.

తెల్లారుతుండగా డైరీకి వెళ్ళాం. వరసగా క్యాన్లు, వాటి వెనుక ఆడవాళ్ళు. సెక్రటరీ పిల్లప్ప ఒక్కొక్కరి పాలు కొలిచి, టెస్టు చేసి, చీటీ ఇస్తున్నాడు. నేను మాట్లాడాలని వెళ్ళాను. మాట్లాడలేదు. నేత్రా మాట్లాడింది. తలుపు దగ్గర తల వంచుకునే ఆ పిల్ల క్యాను కింద పెట్టి, కొంగు... కాదు, చున్నీ బిగించి, వరస పొడవునా నడిచింది. ఎవరెవరు బస్సుకు పోవాల, ఎందుకు పోవాల, ఎన్ని గంటలకు కుదురుతాది అని ఒక్కొక్కరినీ అడిగింది. ఒకామెది ఆసుపత్రి, ఒకామెది గార్మెంట్స్ పని, ఒకామెది కొడుకు స్కూలు.

తలుపు ముందుగా తీయమంటే పిల్లప్ప కుదరదన్నాడు. పాల వ్యాను వచ్చేది దాని టైముకే, ముందు పోసి పాలు విరిగితే నాదేనా పూచీ అన్నాడు. నేనైతే పోట్లాడేదాన్ని. నేత్రా పోట్లాడలేదు. అయితే తలుపు నీ టైముకే తియ్యి పిల్లప్పన్నా, బస్సుకు పొయ్యేవాళ్ళ క్యాన్లు మాత్రం ముందు పట్టుకో అంది. రామక్క అనే ముసలామె లేచింది. మబ్బుతో, కోడి కుయ్యకముందే వచ్చి నిలబడిందాన్ని, నేనెందుకు వెనక్కి పోయేది అంది. పాపం ఆమె చెప్పిందీ న్యాయమే. నేత్రా ఆమె క్యాను చేతిలోకి తీసుకుంది. నీ మనవరాలు పెద్దదయితే ఇదే బస్సెక్కల్ల కదా రామక్కా, అప్పుడు దాని క్యాను ముందు పెట్టేదానికి ఎవురుంటారు అంది.

రామక్క తనే ఒక అడుగు వెనక్కి జరిగింది.

కోఆర్డినేషన్ మీద నేను ఎనిమిది పేజీల ఆన్సర్ రాసి ఫస్ట్ వచ్చాను. అదేమిటో ఈరోజు కళ్ళతో చూశాను. కొత్త అర్జీ అక్కడే నేత్రా రాసింది. పాత టైముకు బాగా ముందు, మేం అడిగిన టైముకు కొంచెం వెనక. సంతకాలు, వేలిముద్రలు అన్నీ ఊరివే. నన్ను పెట్టమని ఎవరూ అడగలేదు. అసూయగా ఉంది. సంతోషంగానూ ఉంది.

సెప్టెంబరు 17

డిపో వాళ్ళు ఒప్పుకున్నారు. ఈసారి దిల్‌పసంద్ తినలేదు. బస్సు వచ్చాక చూద్దాం అంది నేత్రా.

సెప్టెంబరు 24

రాత్రి నేత్రా ఇంట్లోనే పడుకుని పొద్దున ఆ బస్సెక్కాను. బస్సంతా పాల వాసన. మొదటి పీరియడ్ బెల్లుకు ముందే దిగాం. అంతదూరమూ నిలబడే వచ్చాను, సీటు దొరకలేదు.