అమ్మ హుక్కా సంగతి

ఓమ్‌వతీ వదినకు రోహ్‌తక్ నుంచి రాజ్‌బాల నమస్కారాలు. అమ్మ కడుపు నెమ్మదించింది, కంగారు పడకు.

గోధుమ పడని తనకు సజ్జ రొట్టెల్లో నువ్వు గోధుమ పిండి కలుపుతున్నావని అమ్మ వాడంతా చాటింది. నేనూ నమ్మి నిన్ను నిలదీశాను. ఇక్కడికొచ్చాక అమ్మకు నా రొట్టెలు పడ్డాయని మురిసిపోయాను కూడా.

నిన్న డాక్టరమ్మ, "హుక్కా తాగుతారా, తాయీ?" అని అడిగింది.

"ఊళ్లో భోజనాలయ్యాక ఆడవాళ్లమంతా ఒకే గొట్టంతో తాగుతాం. ఇక్కడ తోడెవరూ లేరు, తాగట్లేదు," అంది అమ్మ.

"వాళ్లు తినేది గోధుమ రొట్టెలేగా? గొట్టానికంటిన ఆ ఎంగిలి మీ నోట్లోకే వస్తుంది. అదే కారణమని ఖాయంగా చెప్పలేను. ముందు ఊరెళ్లినా హుక్కా ముట్టకండి, పొగ ఎలాగూ చేటే."

అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఇల్లు చేరేదాకా తియ్యలేదు. నాకూ తల కొట్టేసినట్టయింది, వదినా.

గేదె ఈనిందా? అన్నయ్యతో సజ్జపిండి పంపు. అమ్మకు నువ్వు విసిరిందే కావాలట.

కోడలికి దీవెనలని రాయమంది అమ్మ. రాయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, "దీవించే మొహం నాకెక్కడుందే? నమస్కారమని రాయి," అంది.