ఊరి పేరు చూసి తోసేసే మిషను

మంగళవారం.

ఫ్యాక్షన్ రోజుల్లో జమ్మలమడుగులో నాయకుడింటికి అర్జీ పట్టుకొని పోతే, కాపలావాడు నా పేరు అడగలేదు, ఊరు అడిగాడు. చెప్పగానే, అవతలి వర్గం ఊరని చదవకుండా చించేశాడు. అది నేను ఈనాటికీ మరిచిపోలేదు.

ఇప్పుడు మా ఊరికి నీళ్ల పైపు కావాలని నెట్ సెంటర్లో రాయించి పార్టీ ఆఫీసుకు మూడు మెయిళ్లు పంపాను. జవాబు లేదు. వాళ్ల మెయిళ్లు వడగట్టే ప్రోగ్రాం రాసింది ప్రొద్దుటూరులో ఉండే మా అల్లుడే. ఈరోజు పోయి నిలదీస్తే కంప్యూటర్ తెరిచి చూపించాడు. అందులో చిన్న చిన్న హెల్పర్ ఫంక్షన్లట, అంటే ఒక్కోటి ఒక్కో పని చేసే ప్రోగ్రాం ముక్కలు. ఒకటి మెయిల్లో ఊరి పేరు ఏరుతుంది. ఇంకొకటి ఆ పేరు జాబితాలో ఉంటే చెత్తలోకి తోస్తుంది. జాబితాలో మా ఊరు ఉంది.

"ఆఫీసోళ్లు ఇచ్చిన లిస్టు మామా, నేనేం జేసేది? ఊరి పేరు తీసేసి పంపుదాం, పోతాది."

"ఊరు దాచుకోని నీళ్లడుక్కోవాల్నా? కాపలావోడు చేత్తో చించినాడు, నువ్వు మిషనుకు నేర్పినావు. ఆ ఊరి నీళ్లతోనే గదప్పా పెండ్లినాడు నీ కాళ్లు కడిగింది!"

కంప్యూటర్ మూసి అన్నానికి లెమ్మన్నాడు. అన్నం ముట్టకుండా వచ్చేశాను.

జాబితాలో నా ఊరు ఉంచుతాడా, తీస్తాడా? శుక్రవారం పొద్దుగూకేలోపు నా ముందుకొచ్చి చెప్పాలని గడప దాటుతూ అల్లుడికి గడువు పెట్టాను.