కాప్టెన్ గారి సంతోషం

మత్రా, ఒమాన్
5 ఫిబ్రవరి 1977, శనివారం

'బ్లూ యాంకర్' చేపల హోటలు మేనేజరు గుత్తుల వీరభద్రరావు గారికి,

నరసాపురం బాలికల హైస్కూలులో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన పసుపులేటి సీతాదేవి వ్రాయునది. మా అబ్బాయి శ్రీరామచంద్రమూర్తి ఇక్కడి రేవులో ఇంజనీరు. అతని ఇంట్లో మూడు నెలలు ఉండి పోదామని వచ్చాను. మొన్న గురువారం రాత్రి మీ హోటల్లో నాకు అవమానం జరిగింది. కోపంలో ఉత్తరం రాయకూడదని ఒక రోజు ఆగాను. ఇవాళ కూడా తగ్గలేదు కనుక రాస్తున్నాను.

మీ హోటలు సముద్రం ఒడ్డున ఉంది. మంచిదే. గోడలకు తెల్ల సున్నం, తలుపులకు నీలి రంగు. అచ్చం గ్రీసు ద్వీపంలో కూర్చుని తిన్నట్టే ఉంటుందని మా అబ్బాయి దారి పొడుగునా చెప్పాడు. వాడు గ్రీసు చూడలేదు. వాడి పై అధికారి ఒక ఇంగ్లీషు దొర, ఆయన చెప్పాడట. ఆ దొరను మెప్పించడానికే ఈ విందు.

గుమ్మంలోనే దండెం మీద ఏవో ఆరేసి ఉన్నాయి. వంటవాళ్ళ లంగోటీలు కాబోలు, పరాయి దేశం, సర్దుకుపోదాం అనుకున్నాను. దగ్గరికి వెళితే ఎనిమిది కాళ్ళ జంతువు. లంగోటీలైతేనే నయం.

చేప తలతో సహా వచ్చింది. దానికి నాకు అభ్యంతరం లేదు. తల తినని వాడికి చేప దేనికి? కాని ఉప్పూ నూనే తప్ప దాని ఒంటి మీద ఏమీ లేదు. పక్కన కోసిన నిమ్మకాయ చెక్క ఉంటే, దిష్టి తీయడానికి ఇచ్చారనుకుని మా కోడలి చేతికిచ్చి బయట పారేయమన్నాను.

రెండు ముద్దలు తిని, చెయ్యెత్తి "చాలు" అన్నాను. అంతే. మీరంతా కాప్టెన్ నికోస్ అని పిలిచే యజమాని, ఆ నావికుడి టోపీ ఆయన, నా ఎదుటికొచ్చి పింగాణీ పళ్ళెం ఎత్తి నా కాళ్ళ దగ్గర నేలకేసి కొట్టాడు. ఆ తర్వాత ఇంకోటి. మొత్తం పదకొండు. జనం చప్పట్లు కొట్టారు. మా అబ్బాయీ కొట్టాడు.

కూర నచ్చక మగవాడు కంచం విసిరికొట్టడం నేను ఎరగనిది కాదు. మా మామగారు ఒకసారి విసిరారు. మా అత్తగారు రెండు రోజులు ఆయనకు వేరే కంచం పెట్టలేదు. అన్నమూ పెట్టలేదు. ఆ తర్వాత ఆయన ముప్ఫై ఏళ్ళు బతికారు గాని, కంచం జోలికి పోలేదు. కాని మీ దగ్గర వండినవాడే విసిరాడు, తినలేకపోయింది నేను. ఇదెక్కడి న్యాయం? మీ యజమాని కోపానికి కారణమేమిటో రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
పసుపులేటి సీతాదేవి

తా.క.: మీరు తెలుగువారని గల్లా దగ్గర పెట్టిన నమస్కారంలోనే తెలిసింది. పళ్ళేలు పగులుతున్నప్పుడు గల్లా కింద దాక్కున్నదీ చూశాను.

*

బ్లూ యాంకర్, మత్రా
7 ఫిబ్రవరి

పూజ్యులు మామ్మగారి పాదాలకు వీరభద్రరావు నమస్కారాలు.

మాది అమలాపురం పక్కనేనండి. ఈ ఎడారిలో నరసాపురం పేరు వినేసరికి ప్రాణం లేచొచ్చింది. ఉత్తరం చివరిదాకా చదివేసరికి మళ్ళీ పోయింది.

అది కోపం కాదండి, సంతోషం! గ్రీసువాళ్ళు సంతోషం పట్టలేకపోతే పళ్ళేలు పగలగొడతారట. కాప్టెన్ గారే చెప్పారు. మీరు చెయ్యెత్తారు కదండీ, దీవించారనుకున్నారు. పెద్దావిడ దీవెన అని ఆయనకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. మామూలుగా నాలుగే పగలగొడతారు, మీకు పదకొండు. ఇంగ్లీషువాళ్ళు ప్రతి గురువారం దీనికోసమే వస్తారండి. చేపకోసం వచ్చేవాళ్ళు తక్కువ.

ఒక్క మనవి. కాప్టెన్ గారు మనసున్న మనిషే గాని మాట పడరు. పోయిన నెల ఎవరో చేప చల్లారిపోయిందన్నందుకు, వడ్డించిన మలబారు అబ్బాయి వీసా రద్దు చేయించి బొంబాయి ఓడ ఎక్కించేశారు. నా వీసా కూడా ఆయన చేతిలోనే ఉంది. అందుకని మీ ఉత్తరం మీ ఆశీర్వచనం అని చెప్పాను. ఆయన ముద్దు పెట్టుకుని గోడకు అంటించమన్నారు. అంటించాను.

మీ విధేయుడు,
వీరభద్రరావు

తా.క.: నేను దాక్కోలేదండి. పెన్ను పడితే వంగాను.

ఇంకో తా.క.: ఇక్కడ గిన్నెలు తోమే ఇస్తారి, జగిత్యాల దిక్కు మనిషి, మీకు దండాలు చెప్పమన్నాడు. "ఆ అవ్వ దినాం అస్తే మంచిగుండు. పదకొండు పళ్లాలు పలిగినయ్, పదకొండు తోముడు తప్పింది" అంటున్నాడు.

*

మత్రా
8 ఫిబ్రవరి

చిరంజీవి వీరభద్రరావుకు,

వయసు తెలియక మొన్న 'గారు' అన్నాను. గల్లా కింద దూరే వయసని తెలిసింది కనుక ఇక 'నువ్వు' అంటాను.

ముప్ఫై ఏళ్ళు బడిపిల్లల సంజాయిషీలు చదివిన కళ్ళతో నీ ఉత్తరం చదివాను. సంతోషం వస్తే మనిషి నవ్వుతాడు. ఇంకా ఎక్కువైతే నలుగురికి అన్నం పెడతాడు. ఆ అన్నం పెట్టే పళ్ళెం పగలగొట్టడు. ఆయన కొడుతున్నప్పుడు నేను ముఖం చూశాను. దవడ బిగించి ఉన్నాడు. అది సంతోషపు దవడ కాదు.

ఏదైనా కానీ, పరిష్కారం ఒకటే. మా డ్రైవరు అక్బర్ చేత పన్నెండు స్టీలు పళ్ళేలు పంపుతున్నాను. కాకినాడలో మా అబ్బాయి గృహప్రవేశానికి కొన్నవి. వెనక 'ప. శ్రీరామచంద్రమూర్తి' అని పేరు కొట్టించాం. ఇక్కడికి తెచ్చారు గాని, దొరలు చూస్తే నామోషీ అని మా కోడలు మంచం కింద దాచింది. అందుచేత ఇంట్లో ఎవరికీ లోటు రాదు. ఇకనుంచి వీటిలో వడ్డించు. కోపం వచ్చినా సంతోషం వచ్చినా ఇవి పగలవు.

నేను పెట్టిన చీవాట్లను గోడకు అంటించావు. ఆ గోడ పక్కన తెలుగు చదవగలవాడు ఒక్కడు కూర్చుంటే నీ గతేమిటి?

ఇట్లు,
సీతాదేవి

తా.క.: వంగేముందు పెన్ను నీ చెవి మీద ఉంది. లేచాకా చెవి మీదే ఉంది.

*

బ్లూ యాంకర్
11 ఫిబ్రవరి, శుక్రవారం ఉదయం

మామ్మగారూ,

కొంప మునిగిందండి. అక్బర్ బయట హారన్ కొడుతున్నాడు, తప్పులుంటే మన్నించాలి.

స్టీలు పళ్ళేలు చూసి ఇవేమిటన్నారు కాప్టెన్ గారు. ఉన్నమాట చెబితే నాకు ఓడ ఖాయం. "మీరు పగలగొట్టుకోవడానికి పెద్దావిడ పంపిన కానుక" అనేశాను.

నిన్న గురువారం. హోటలు కిటకిట. మీ అబ్బాయిగారూ వాళ్ళ దొరా ముందు బల్ల దగ్గరే ఉన్నారు. కాప్టెన్ గారు పాట ఆపించి, "ఇండియా తల్లి పంపిన పళ్ళెం!" అని చాటి, నేలకేసి కొట్టారు. పగల్లేదండి. గుడిగంటలా మోగి, లేచి, అంచు మీద దొర్లుకుంటూ బల్లల మధ్య నుంచి వెళ్ళి దొరగారి మడమకు తగిలింది. జనం నవ్వారు. రెండోది ఇంకా గట్టిగా కొట్టారు. మూడోది కొట్టి, పైనెక్కి తొక్కారు. సొట్ట పడింది గాని పగల్లేదు. నాలుగోది సముద్రంలోకి విసిరారు. అక్కడ పడవలో ఉన్న ముసలి జాలరి దాన్ని పట్టుకుని, తుడిచి, పైకొచ్చి మర్యాదగా చేతికిచ్చి వెళ్ళాడు. ఇక జనం కుర్చీల్లోంచి పడి నవ్వారండి.

మీ నోటిమాట ఊరికే పోలేదు. రేవులో పనిచేసే తెలుగు గుమస్తా ఒకాయన గోడ మీది ఉత్తరం చూసి పైకి చదివి, అడక్కుండానే ఇంగ్లీషులో అర్థం కూడా చెప్పాడు, లంగోటీలతో సహా.

ఇవాళ సాయంత్రం కాప్టెన్ గారు మీ ఇంటికి వస్తున్నారు. వాళ్ళమ్మగారు నిన్న మధ్యాహ్నమే గ్రీసులోని వాళ్ళ ద్వీపం నుంచి దిగి, బడలికతో గదిలోనే పడుకున్నారు. ఆవిడనూ తెస్తారట. తన తల్లి ముందు మీరు క్షమాపణ చెప్పాలట. చెప్పకపోతే ఆదివారం ఓడలో నేనుంటాను. ఇంటి దగ్గర నలుగురు నా మనియార్డరు మీద బతుకుతున్నారు. మామ్మగారూ, ఒక్క 'సారీ' అనండి. నరసాపురంలో ఎవరికీ చెప్పను.

మీ వీరభద్రరావు

తా.క.: దొరగారు మడమ రుద్దుకుంటూ పళ్ళెం తిరగేసి, ఈ రాత ఏమిటని మీ అబ్బాయిగారిని అడిగారు. "ఫ్యాక్టరీ పేరు" అన్నారండి.

ఇంకో తా.క.: ఇస్తారి మొన్నటి దండాలు వెనక్కి తీసుకున్నాడు. "ఒక్కటి సుత పలుగలే. సొట్టలల్ల మురికి ఇరుకుతది. ఆ అవ్వకు నేనేం పాపం జేసిన?" అంటున్నాడు.

*

మత్రా
12 ఫిబ్రవరి, శనివారం

చిరంజీవి వీరభద్రరావుకు,

నిన్న మా ఇంట్లో జరిగింది కాప్టెన్ నీకు చెప్పి ఉండడు. ఓడ రేపే కనుక నువ్వు పెట్టె సర్దుకునే లోపు తెలియాలని ఇప్పుడే రాస్తున్నాను.

ఆయన వస్తూనే ఇంగ్లీషులో కేకలు మొదలుపెట్టాడు. ఎవరూ అడగకముందే మా అబ్బాయి నాలుగుసార్లు సారీ చెప్పాడు. వెనక తల నుంచి పాదాల దాకా నల్లబట్టల్లో ఒక పెద్దావిడ, నా ఈడుదే. కొడుకు ఉపన్యాసం ఆవిడ వినలేదు. ముక్కుతో గాలి పీల్చి తిన్నగా మా వంటింట్లోకి నడిచింది. పొయ్యి మీద చేపల పులుసు ఉంది. మూత తీసి ఏదో అంది. నేనూ ఏదో అన్నాను. ఆవిడకు తెలుగు రాదు, నాకు గ్రీకు రాదు. ఇద్దరికీ చేప వచ్చు. అన్నం కలిపి చూపించాను. చేత్తోనే తిన్నది, కారానికి కళ్ళు తుడుచుకుని మళ్ళీ వేయమంది.

అప్పుడు కాప్టెన్‌ను పీట మీద కూర్చోబెట్టి దుబాసీ పని అప్పజెప్పాను. "మీ ఊళ్ళో సంతోషం వస్తే పళ్ళేలు పగలగొడతారా అని మీ అమ్మనడుగు" అన్నాను ఇంగ్లీషులో. అడగనన్నాడు. "అడుగు" అన్నాను, బడిలో వాడిన గొంతుతో. అడిగాడు. ఆవిడ తినడం ఆపి, ఏం పళ్ళేలని అడిగింది. చెప్పాడు.

ఆవిడ చాలాసేపు మాట్లాడింది. ఆయన ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చెబుతూ ఒక్కో అంగుళం కుంగిపోయాడు.

"మా ఊరు కొండ మీద. వీడు మేకలు కాశాడు. పడవెక్కితే వాంతులు చేసుకుంటాడు" అని చెప్పి, అంతే అన్నాడు. అంతే కాదని ఆవిడ చేతులు చూస్తేనే తెలుస్తోంది. మిగతాదీ చెప్పమన్నాను.

"వేరే ఊళ్ళల్లో సంబరానికి పగలగొడతారేమో, నేనెరగను. మా ఇంట్లో పగలగొట్టింది వీడి నాన్న. ఉప్పు తగ్గితే ఒకటి, ఎక్కువైతే రెండు. వీడు బల్ల కింద కూర్చుని వినేవాడు. నేను పెంకులు ఏరుతుంటే, నాన్నకెందుకమ్మా కోపం అని అడిగేవాడు. కోపం కాదు నాన్నా, సంతోషం అని చెప్పాను. అయిదేళ్ళవాడికి ఇంకేం చెప్పను?"

ఆ తర్వాత ఆవిడ నన్ను చూసి ఒక ప్రశ్న వేసింది. దాన్ని అనువదించడానికి ఆయనకు కొంతసేపు పట్టింది. "వీడు ఇంకా అదే నమ్ముతున్నాడా?"

ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కోపాన్ని సంతోషమని అమ్మేవాణ్ణి నేను చూశాను గాని, చిన్నప్పుడు కొనుక్కున్నదే అమ్ముతున్నవాణ్ణి ఇప్పుడే చూశాను. నాకు జాలి వేసింది. కాని జాలి వేరు, నీ వీసా వేరు. పెద్దావిడా నేనూ కూర్చుని తీర్మానాలు చేశాం. నోటితో అనువదించింది కాప్టెనే కనుక తెలియదనే వీలు లేదు.

ఆశీస్సులతో,
సీతాదేవి

ఇక జరగవలసినవి:

1. వచ్చే గురువారం నుంచి పళ్ళేలు పగలవు. సంతోషం పట్టలేని దొరలు పాడుకోవచ్చు. పాట రానివారు ఊరుకోవచ్చు.

2. కాప్టెన్ తల్లి దగ్గర వంట నేర్చుకుంటాడు. ఉప్పు తప్పితే ఆవిడ ఏమీ విసరదు, ఊరికే చూస్తుంది. ఆ చూపు నేను చూశాను. చాలు.

3. మలబారు అబ్బాయిని తిరిగి రమ్మని కాగితాలు పంపాలి. ఉత్తరం కాప్టెన్ రాస్తాడు. తప్పు తనదని మొదటి వాక్యంలోనే ఉండాలి.

4. మా అబ్బాయి సోమవారం ఆఫీసులో దొర దగ్గరికి వెళ్ళి, ఆ ఫ్యాక్టరీ తనేనని ఒప్పుకోవాలి.

5. నువ్వు ఆడిన అబద్ధాలకు, నెల రోజులు ఇస్తారితో కలిసి పళ్ళేలు తోమాలి. సొట్టవి నీ వంతు.

6. నీ ఓడ టికెట్ రద్దయింది. పెద్దావిడ తన తిరుగు టికెట్ కూడా రద్దు చేయించుకుంది. ఇకనుంచి హోటలుకు చేప తనే కొంటుంది. రేపు తెల్లారగానే సంచులు పట్టుకుని మత్రా చేపల బజారుకు రా. మాకిద్దరికీ అరబ్బీ రాదు కనుక ధర నువ్వు అడుగు. తిట్లు మాత్రం అనువదించకు, అవి మేమే తిట్టుకుంటాం.