మాడు మీద ఆముదం

మానవపాడు, ఆగస్టు 2006

పాపకు తల ఆపరేషన్ కుట్లు విప్పించి ఇంటికి తెచ్చి వారమైనా అత్తమ్మ దాన్ని ముట్టుకోలేదు. పుట్టినప్పటి నుంచి కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసింది ఆమే. తల గుండ్రంగా రావాలని అరచేతులతో ఒత్తేది. తల పెరిగిపోతుంటే తన ఒత్తుడే తప్పనుకుంది. మెదడులో ఊరే నీరు కిందికి దిగే దారి పుట్టుకతోనే మూసుకుపోయిందని డాక్టరు చెప్పినా నమ్మలేదు.

ఈ రోజు నేనే పాపను ఆమె కాళ్ల మీద పడుకోబెట్టాను.

"వద్దు బిడ్డా, నా చేతులు మంచియి కావు."

"ఒత్తకు అత్తమ్మా. ఉత్తగ నీళ్లు పొయ్."

చెవి వెనక చర్మం కింద డాక్టర్లు వేసిన సన్నటి గొట్టం తగలగానే చేయి వెనక్కి తీసుకుంది. నీరు ఇప్పుడు అందులోంచే పొట్టలోకి దిగుతోందని ఆమె వేలు పట్టుకుని మెడ దాకా చూపించాను.

స్నానమయ్యాక మాడు మీద ఆముదం చుక్క వేసింది. ఆపరేషన్‌కు ముందు మాడు ఉబ్బి, వేసిన నూనె వేసినట్టే జారిపోయేది. మరీ గుంట పడితే తీసుకురమ్మన్నారు డాక్టరు. ఇది గుంటో, మామూలో నాకెలా తెలుస్తుంది...

"నిలిసింది సూడు," అంది అత్తమ్మ.

పాప గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ చుక్క మెల్లగా కదులుతోంది.